అన్నోజిగూడతో ముగిసే జాబితా

మొన్న మధ్యాహ్నం మా నాచారం లైబ్రరీ నుంచి ఫోను వచ్చింది. ఈమధ్యే చేరిన లైబ్రేరియన్ అమ్మాయి. మాట మెత్తగా ఉన్నా పనిలో గట్టిదే అనిపించింది.

"మేడం, ఈడ సాఫ్ట్‌వేర్ పెట్టింది మీరేనట గదా. ఒక బగ్ ఉన్నది మేడం. గడువు దాటిన పుస్తకాల లిస్టు తీస్తే పేర్లు అక్షరాల వరుసల వస్తలేవు. తారీఖుల వరుస కూడా కాదు. ముందు నాచారమోళ్ళంత, ఎన్క చిల్కానగర్, ఉప్పల్, బోడుప్పల్, చెంగిచెర్ల, మేడిపల్లి... లాస్టుకు అన్నోజిగూడ. ఏ లెక్కన వస్తుందో సమజైతలేదు. జర సరి చేస్తరా?"

పాతికేళ్ళుగా సాఫ్ట్‌వేర్లలో తప్పులు పట్టడమే నాకు తిండి పెడుతోంది. ఎవరైనా బగ్ అంటే చాలు, తింటున్న కంచం పక్కకు జరిపి కూర్చునే రకాన్ని. ఆ రోజు మాత్రం కంప్యూటర్ తెరవలేదు. అది బగ్ కాదమ్మా, ఒకాయన ఇంటికెళ్ళే దారి అని ఫోనులో చెబితే ఆ పిల్ల ఏమనుకుంటుంది? సాయంత్రం వస్తాను, అందాకా ఏమీ మార్చకు అన్నాను.

"సరే మేడం. ఇంగొకటి. లాస్టు పేరు టెస్ట్ ఎంట్రీ లెక్క కొడుతుంది. మెంబర్ నంబర్ ఒకటి. తీసెయ్యన్నా?"

"దాన్ని ముట్టుకోకు!" అని అరిచినంత పని చేశాను. పాపం, ఆ పిల్ల బెదిరిపోయింది.

మా వైపు ఆయన్ను అందరూ 'లైబ్రరీ అన్న' అనేవాళ్ళు. ఆయన కంటే పెద్దవాళ్ళు కూడా అన్న అనే పిలిచేవాళ్ళు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది, దానితో ఎవరికీ పని పడలేదు. ఊరు జనగామ వైపు. నాచారంలో ఏదో ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళు పనిచేసి, అది మూతపడ్డాక లైబ్రరీలో అటెండరుగా చేరాడు. అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం. లైబ్రేరియన్ పోస్టు ఖాళీగా ఉండటంతో తలుపు తీసేది ఆయనే, పుస్తకం ఇచ్చేది ఆయనే, ఫ్యాను కింద పేపరు కోసం కొట్లాడే ముసలాళ్ళను విడదీసేదీ ఆయనే. నాలుగు లైబ్రరీలకు కలిపి ఒక ఇన్‌ఛార్జి సారు ఉండేవారు. వారానికోసారి వచ్చి సంతకాలు పెట్టి పోయేవారు.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. దాచిపెట్టి చివర్లో చెప్పి మిమ్మల్ని ఏడిపించడం నాకు ఇష్టం లేదు. అన్నకు చూపు సరిగ్గా లేదు. షుగరు కంటి నడిమధ్య దెబ్బకొట్టింది. పక్కనున్నవి కనిపిస్తాయి, ఎదురుగా ఉన్నది కనిపించదు. నడవగలడు, బస్సెక్కగలడు, అక్షరం మాత్రం చదవలేడు. లైబ్రరీలో కూర్చున్న మనిషి చదవలేడని తెలిస్తే ఆ కుర్చీ మర్నాటికి ఉండదు. ఆయనకు ఇంకో పని దొరికే వయసు కాదు, ఆ పని తప్ప ఇంకోటి కావాలనీ లేదు. అందుకని మూడు నాలుగేళ్ళుగా ఎవరికీ తెలియనివ్వకుండా నెట్టుకొచ్చాడు. ఎలా నెట్టుకొచ్చాడో తెలిశాక, ఇన్నాళ్ళు తప్పులు పట్టానని చెప్పుకోవడానికే సిగ్గేసింది.

మొదటిసారి నేను లైబ్రరీకి వెళ్ళినప్పుడు చెప్పులు విడిచి, చప్పుడు చేయకుండా అలమరల వైపు నడిచాను. లైబ్రరీలో అలాగే కదా నడవాలి.

"ఎవలది? నమస్తే లేదా?" అన్నాడు కుర్చీలోంచి.

నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఇదేమన్నా గుడా, వచ్చినవాళ్ళు దండాలు పెట్టడానికి?"

"గుడిల దేవునికైతే చెప్పకున్నా ఎర్కైతది మేడం. ఈడ కూసున్నది నేను" అన్నాడు, నా చెవి వైపు చూస్తూ.

ఎవరితో మాట్లాడినా అంతే, చెవి వైపో భుజం వైపో చూసేవాడు. మనిషికి పొగరనుకున్నాను. ఎదుటివాళ్ళ మొహం కొంచెమైనా కనిపించాలంటే ఆయన పక్కకు చూడాలని నాకేం తెలుసు? నమస్తే పెడితే గొంతు వినబడుతుంది, గొంతు వినబడితే వచ్చిందెవరో తెలుస్తుంది. ఆ నమస్తే వెనక అంత కథ ఉంది.

దానికంటే విచిత్రమైన రూలు ఇంకోటి ఉండేది. పుస్తకం తీసుకునేవాళ్ళు కౌంటర్ ముందు నిలబడి పుస్తకం పేరు, రాసినవాళ్ళ పేరు గట్టిగా చదవాలి. చదివితేనే ఇచ్చేవాడు. "మంచిగ వినబడ్డది. తీస్కపో" అనేవాడు. నసిగితే మళ్ళీ చదివించేవాడు. మేడిపల్లి నుంచి రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన వచ్చేవారు. ఆయన చదివితే ఫలానా రైలు ఫలానా ప్లాట్‌ఫారం మీదికి వస్తోందన్నట్టే ఉండేది. అన్న ఎంతో శ్రద్ధగా విని, "సార్, బండి రైట్ టైమే" అనేవాడు. బట్టల కంపెనీలో కుట్టుపని చేసే ఒక అమ్మాయి మాత్రం సిగ్గుతో పెదవులే కదిపేది.

"జర గట్టిగ బిడ్డా. నీ కోసం కొన్న పుస్తకమే. దొంగతనం చేస్తలేవు" అనేవాడు.

ఏడాది తిరిగేసరికి ఆ అమ్మాయి వీధిలోకి వినబడేలా చదివేది. రూలు ఎందుకు పెట్టాడో తెలియకపోయినా దానివల్ల కలిగిన మేలు అందరికీ కనిపించింది. అందుకే ఎవరూ ఎదురు చెప్పలేదు.

జేబులో పెన్ను ఉండేది కాదు. "సంతకం మీది, పెన్ను కూడ మీదే" అని నవ్వేవాడు. తన కోసమని ఎప్పుడూ ఒక్క పుస్తకం కూడా ఇంటికి తీసుకెళ్ళేవాడు కాదు. ఎందుకన్నా అంటే, "హోటల్ల వడ్డించేటోనికి ఆకలైతదా మేడం?" అనేవాడు. అది విని అందరితోపాటు నేనూ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వు వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది.

సాయంత్రం లైబ్రరీ మూశాక రెండు సంచులతో బయల్దేరేవాడు, ఒకటి టిఫిన్ డబ్బాది, ఇంకోటి పుస్తకాలది. ఆయన ఇల్లు అన్నోజిగూడలో. నాచారం నుంచి ఉప్పల్, అక్కడి నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుని బస్సులోనో షేర్ ఆటోలోనో వెళ్ళాలి. లైబ్రరీకి రాలేనివాళ్ళకు దారిలో పుస్తకాలు ఇచ్చి, పాతవి తీసుకునేవాడు. సోమవారం ఒక స్టాపులో దిగితే మంగళవారం ఇంకో స్టాపులో. మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలు, షిఫ్టు డ్యూటీలవాళ్ళు, బాలింతలు ఆయన కోసం బస్టాపులో నిలబడేవాళ్ళు. ఈ పని చేయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చేయొద్దని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.

ఎవరి దగ్గర ఏ పుస్తకం ఉందో తెలియడానికి కౌంటర్ మీద ఒక పొడవాటి చెక్క ట్రే ఉండేది. పుస్తకం ఇచ్చినప్పుడు దానిలోని కార్డు తీసి, చదువరి కార్డుతో కలిపి ట్రేలో పెట్టడం పాత పద్ధతి. మామూలుగా తారీఖుల వరుసలో పెడతారు. అన్న ట్రేలో మాత్రం ఎనిమిది అట్టముక్కలు అడ్డంగా ఉండేవి. ఏ అట్ట మీదా ఏమీ రాసి లేదు. అది ఏ పద్ధతో నాకు అర్థం కాలేదు, పద్ధతి లేకపోవడమే అనుకున్నాను.

అప్పుడే లైబ్రరీలన్నీ కంప్యూటర్‌లోకి మారాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. కంప్యూటర్ పంపారు, బార్‌కోడ్ చదివే మిషన్ పంపారు, సాఫ్ట్‌వేర్ కొనడానికి మాత్రం డబ్బుల్లేవన్నారు. ఇన్‌ఛార్జి సారు తల పట్టుకుంటే నేనే ముందుకొచ్చాను. ఓపెన్ సోర్స్‌లో మంచి లైబ్రరీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, నేను పెట్టిస్తాను అన్నాను. ఆ రోజుల్లో నాకు శని, ఆదివారాలు గడిచేవి కావు. నాన్న పోయాక ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉండేది.

అన్నకు నమ్మకం కుదరలేదు. "ఊకె వచ్చేదాంట్ల ఏదో తిరకాసు ఉంటది మేడం."

"తిరకాసు లేదన్నా. దీన్ని ఏ ఒక్కరూ తయారు చేయలేదు. ఎక్కడెక్కడి వాళ్ళో తలా కొంత రాశారు. లోపల ఎలా ఉందో ఎవరైనా చూడొచ్చు. మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చు కూడా."

కాసేపు ఆలోచించాడు. "అంటే బతుకమ్మ పాట లెక్క. ఎవలు కట్టిన్రో ఎవలకూ ఎర్క లేదు. ఏ వాడోళ్ళు ఆ వాడ ముచ్చట కలుపుకొని పాడుకుంటరు. అవునా?"

పాతికేళ్ళలో ఓపెన్ సోర్స్ గురించి ఎన్నో ఉపన్యాసాలు విన్నాను. ఇంత బాగా ఎవరూ చెప్పలేదు. ఆ మాటే అంటే మురిసిపోయి, "మీరు 'తయారు చేయలేదు' అంటుంటే రేడియో పెట్టినట్టే ఉంటది" అన్నాడు. మాది కోస్తా వైపు. నాన్న ఉద్యోగం కోసం ఇక్కడికొచ్చి స్థిరపడ్డాం. నా భాష మీద ఆయనకు ఎప్పుడూ ఒక చురక సిద్ధంగా ఉండేది.

ఇన్‌ఛార్జి సారు ఒక మాట మాత్రం కచ్చితంగా చెప్పారు. "నెలాఖరుకు వస్తా. ఆ రోజు కౌంటర్ల కూసున్నోళ్ళే కంప్యూటర్ మీద పుస్తకం ఇచ్చి చూపెట్టాలె. రాకుంటే ఏజెన్సీకి చెప్పి వేరేటోళ్ళను పంపియ్యమంట." కోపంగా అనలేదు, పని మాటలాగే అన్నారు. అన్న "అట్లనే సార్" అని గోడ వైపు చూశాడు.

ఇక నేను చేసిన ఘనకార్యం.

లైబ్రరీ సెలవు రోజున తాళం చెవి తీసుకుని ఒక్కదాన్నే కూర్చున్నాను. కార్డుల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. ఆ ట్రే గందరగోళంగా కనిపించింది. ఎనిమిది అట్టముక్కలూ తీసి చెత్తబుట్టలో వేశాను. కార్డులన్నీ అక్షర క్రమంలో పేర్చాను. అంతటితో ఊరుకోలేదు. కథలు ఒక అలమరలో, భక్తి ఇంకో అలమరలో, పోటీ పరీక్షలవి తలుపు దగ్గర అని పుస్తకాలన్నీ సర్దాను. రెండు అలమరలు జరిపాను కూడా. సాయంత్రానికి నడుము విరిగింది. గుమ్మంలో నిలబడి చూసుకుంటే నా కళ్ళకే ముచ్చటేసింది. అన్న ఎంత సంతోషిస్తాడో అనుకున్నాను.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టి మరీ వెళ్ళాను. అన్న వచ్చాడు. రెండడుగులు వేసి జరిపిన అలమరకు మోకాలు కొట్టుకున్నాడు. కౌంటర్ దగ్గరికొచ్చి అలవాటుగా ట్రేలో చెయ్యి పెట్టాడు. వేళ్ళు అటూ ఇటూ వెతికాయి. అట్టముక్కలు తగల్లేదు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఇంతలో ఒక పెద్దావిడ వచ్చి వ్రతకథల పుస్తకం అడిగింది. ఎప్పుడూ భక్తి పుస్తకాలుండే చోటికి వెళ్ళి, పట్టుకుని చూసి, దాదాపు అదే మందంలో ఉన్న పుస్తకం తెచ్చి ఇచ్చాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని గట్టిగా చదివింది. అది డీజిల్ ఇంజన్ల మరమ్మతు పుస్తకం.

హాల్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. అన్న కూడా నవ్వి, "ఇంజన్ మంచిగుంటేనే బండి కాశీకి పోతది పెద్దమ్మా" అని ఏదో సర్దేశాడు. తర్వాత లేచి బయట మెట్ల మీద కూర్చున్నాడు. చాలాసేపు లోపలికి రాలేదు. నాకు అనుమానమొచ్చి రెండు గ్లాసుల చాయ్ తీసుకుని వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"ఏమైందన్నా? నేనేమన్నా తప్పు చేశానా?"

చాయ్ తాగి గ్లాసు పక్కన పెట్టాడు. ఆ తర్వాత, "అగో, ఎదురుంగ ఆ షాపు బోర్డు మీద ఏముంది, చదువు" అన్నాడు. చదివాను. "నాకు ఆడ బోర్డు ఉన్నట్టే ఎర్క లేదు. నిన్ను జూస్తే నీ చెవి కమ్మ కనబడ్తది, మొఖం కనబడది. మూడేండ్లాయె."

నా చెయ్యి చెవి కమ్మ మీదికి పోయింది.

"ఆ ట్రే ఏందనుకున్నవ్? అది నా తొవ్వ. మొదటి అట్ట నాచారం. రెండోది చిల్కానగర్. గట్ల పోయి ఎనిమిదోది మా అన్నోజిగూడ. బస్సుల కూసున్నప్పుడు ఏ స్టాపు ఎన్క ఏ స్టాపు వస్తదో, చెయ్యి పెడితే గదే వరుస దొరికేది. అలమరలు కూడ గంతే. గోడ పట్టుకొని పోతే ఎన్ని అడుగులకు ఏముందో నాకు ఎర్క. నువ్వు మంచిగ చెయ్యాల్ననే చేసినవ్ చెల్లె. కని నా తొవ్వ మొత్తం తవ్విపోసినవ్."

అప్పటిదాకా మేడం అనేవాడు. చెల్లె అన్నది అదే మొదలు. తిట్టినా బాగుండేది.

"నెలాఖరుకు సారు వస్తడు. నేను కంప్యూటర్ ముందట కూసుంటే దొరికిపోత. ఇంట్ల కూసునుడు నాకు రాదు. ఆ బస్టాపులల్ల నిలబడేటోళ్ళు కూడ ఉన్నరు గదా. సారుకు చెప్పకు. ఏం చేద్దామో నువ్వే చెప్పు."

నాకు ఏడుపొచ్చింది, నా మీద నాకే కోపమూ వచ్చింది. జీవితమంతా ఇంకొకరి పనిలో తప్పులు వెతికినదాన్ని, ఎదురుగా ఉన్న పని ఎలా నడుస్తోందో ఒక్క మాట అడగలేదు. చూడగానే తప్పని తేల్చేశాను.

"సాఫ్ట్‌వేర్‌ను మనకు నచ్చినట్టు మార్చుకోవచ్చని చెప్పాను కదన్నా. మారుద్దాం" అన్నాను.

ముందు అలమరలు వెనక్కి జరిపించాను. పుస్తకాలు ఏ గోడకు ఎన్ని అడుగుల్లో ఉండేవో ఆయన చెబుతుంటే అక్కడే పెట్టాం. తర్వాత ప్రతి సాయంత్రం నేను ఒక్కో కార్డు తీసి పేరు చదవడం, ఆయన ఊరు చెప్పడం. నేను మూడు వందల కార్డులు కలిపేస్తే ఆయన ఒక్కటీ మరిచిపోలేదు. ఊరుతో ఆగేవాడా!

"ఈమెనా? చిల్కానగర్. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఆమెకు లావు పుస్తకం ఇయ్యకు, పండుకొని చదువుతది, మొఖం మీద పడ్డది ఓసారి."

"ఈయన చెంగిచెర్ల. ఏడ్చే కథలు అడుగుతడు. భార్య పోయింది గదా, ఆ పుస్తకం పేరు జెప్పి ఏడుస్తడు."

"ఈ పిలగాడు బోడుప్పల్. పోలీస్ పరీక్ష రాస్తుండు. ఈసారి ఎట్లైన వస్తది."

వాళ్ళ పేర్ల పక్కన సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా ఒక గడి పెట్టాను. దాని పేరు 'దారి'. నాచారానికి ఒకటి, చిల్కానగర్‌కు రెండు, చివర అన్నోజిగూడకు ఎనిమిది. ఏ జాబితా తీసినా ఆ వరుసలోనే వచ్చేట్టు మార్చాను. తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి ఉంది, అదీ ఊరికే దొరికేదే. దాన్ని కలిపాను. బార్‌కోడ్ మీద మిషన్ పెట్టగానే పుస్తకం పేరు, మనిషి పేరు ఇయర్‌ఫోన్‌లో వినబడతాయి. బార్‌కోడ్ చీటీలన్నీ వెనక అట్ట కింది మూలలో ఒకే చోట అంటించి, పైన మందపాటి టేపు వేశాం. బొటనవేలితో తడిమితే దొరుకుతుంది. పరీక్షించడానికి మొట్టమొదటి సభ్యుడిగా ఆయన పేరే ఎక్కించి, ఒకటో నంబరు కార్డు ఇచ్చాను.

కంప్యూటర్ గొంతు తెలుగును నానా హింస పెట్టేది. అన్న దానికి పంతులమ్మ అని పేరు పెట్టాడు. "పంతులమ్మకు ఒత్తులు పలుకుతలేవు. బడికి తోలాలె" అంటూ ప్రతి తప్పునూ దిద్దేవాడు, అది వింటున్నట్టే.

నెలాఖరు వచ్చింది. సారూ వచ్చారు. నేను ఒక బల్ల దగ్గర పేపరు తిరగేస్తున్నట్టు కూర్చున్నాను. అన్న నింపాదిగా రెండు పుస్తకాలు ఇచ్చాడు, ఒకటి వాపసు తీసుకున్నాడు. మిషన్ పీక్ అంది, పంతులమ్మ చెవిలో చెప్పింది, అంతా సాఫీగా సాగిపోయింది. సారు సంతోషించి, వెళ్ళబోతూ అలమరలోంచి ఒక పుస్తకం తీసి ఆయన ముందుకు చాపారు.

"ఇది నా పేరు మీద రాయి. ఏదీ, పుస్తకం పేరేంది, చదువు."

మిషన్ పెట్టలేదు, బార్‌కోడ్ సారు వేళ్ళ కింద ఉంది. ఏదో ఒకటి చెప్పి అడ్డం పడదామని పేపరు మడిచి లేచాను.

అన్న సారు చెవి వైపు చూసి చేతులు కట్టుకున్నాడు. "తప్పుగ అనుకోకుండ్రి సార్. ఈడ పుస్తకం తీస్కపోయేటోళ్ళే పేరు చదవాలె. చిన్నాపెద్దా లేదు. గట్టిగ చదవాలె."

రైల్వే పెద్దాయన మూల నుంచి, "అవును సార్, ఇక్కడ అదే రూలు" అన్నారు. సారు ఒక్క క్షణం తబ్బిబ్బయ్యి, గొంతు సవరించుకుని పుస్తకం పేరూ రచయిత పేరూ చదివారు. బడిపిల్లాడిలా నిలబడి చదివారు.

"మంచిగ వినబడ్డది సార్. తీస్కపోండ్రి" అన్నాడు అన్న.

సారు వెళ్తూ గుమ్మం దగ్గర నన్ను పిలిచారు. "ఆ కౌంటర్ మీద జర పెద్ద లైటు పెట్టియ్యాలె మేడం. నేను రాసి పంపుత" అన్నారు. ఆయనకు తెలిసిపోయిందో లేదో నాకిప్పటికీ తెలియదు. లైటు మాత్రం వారంలో వచ్చింది.

ఆ తర్వాత అన్న రెండేళ్ళకు పైగా అదే కుర్చీలో కూర్చున్నాడు. సాయంత్రం బయల్దేరే ముందు ఒక బటన్ నొక్కితే పంతులమ్మ దారి వరుసలో పేర్లు చదివేది, ఆయన సంచి సర్దుకునేవాడు. ఓసారి నేనూ ఆయనతో ఉప్పల్ దాటి వెళ్ళాను. ఫ్లైఓవర్ పిల్లర్ల మధ్య బస్సు నత్తనడక నడుస్తోంది. "పక్క కిటికీలకెల్లి పిల్లర్లు లెక్కపెడ్త చెల్లె. అందరు ఆ పిల్లర్లను తిడుతరు, నాకైతే అవే బోర్డులు" అన్నాడు.

పోయిన వానాకాలం ఒక పొద్దున చాయ్ తాగుతూ కూర్చున్నచోటే పోయాడు. గుండె. నేనప్పుడు పని మీద పుణెలో ఉన్నాను. తెలిసేసరికి పదకొండో రోజు కూడా అయిపోయింది. తిరిగొచ్చాకైనా ఆ ఇంటికి వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. ఇవాళ, రేపు అంటూ నెలలు గడిపేశాను. ఆ మనిషి లేని ఇంట్లో ఏం మాట్లాడాలో తెలియక తప్పించుకున్నాను, అంతకంటే కారణం లేదు.

మొన్న సాయంత్రం లైబ్రరీకి వెళ్తే ఆ కొత్త అమ్మాయి ఒకటో నంబరు సభ్యుడి పేజీ తీసి పెట్టుకుని కూర్చుంది. దారి సంగతంతా చెప్పాను. నోరు తెరుచుకుని విన్నది.

"నాది ఘట్‌కేసర్ మేడం. అన్నోజిగూడ దాటినాక మాదే. నాకు కూడా ఇదే తొవ్వ" అన్నది. ఆ వెంటనే, "మరి ఇది టెస్ట్ ఎంట్రీ అయితే గింత టెస్టింగ్ ఎవరు చేసిన్రు?" అని తెర నా వైపు తిప్పింది.

చూస్తే ఆ పేరు మీద వరుసగా పుస్తకాలు. పదిహేను రోజులకొకటి, రెండేళ్ళ పాటు. కథలు, జీవిత చరిత్రలు, వంటల పుస్తకం కూడా ఒకటి. అన్నీ లైబ్రరీ మూసే వేళకు తీసుకున్నవే. హోటల్లో వడ్డించేవాడికి ఆకలి ఉండదన్న మనిషి, నాకు ఒక్క మాట చెప్పకుండా రెండేళ్ళు కడుపు నింపుకున్నాడు. చివరిది మాత్రం వాపసు రాలేదు. పోవడానికి మూడు రోజుల ముందు తీసుకున్నది. కాశీకి కాలినడకన వెళ్ళొచ్చిన ఒకాయన యాత్ర పుస్తకం.

మర్నాడు బస్సెక్కాను. చిల్కానగర్, ఉప్పల్, బోడుప్పల్. జాబితాలో చదివినట్టే స్టాపులు వచ్చాయి. అన్నోజిగూడలో దిగి, వాళ్ళనీ వీళ్ళనీ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాను. రెండు గదుల రేకుల ఇల్లు, ముందు మందార చెట్టు. అన్న భార్య, నాకు వదిన, గుమ్మంలోనే ఉంది.

"నమస్తే వదినా" అన్నాను.

"గొంతు వింటనే గుర్తువట్టిన. పంతులమ్మను పెట్టిన చెల్లె నువ్వే గదా" అన్నది. అంతకుముందు మేం ఒకరినొకరు ఒక్కసారే చూసుకున్నాం. ఇన్నాళ్ళు ఎందుకు రాలేదని ఆమె అడగలేదు. నేనే చెప్పి, క్షమించమన్నాను. నీళ్ళిచ్చి కూర్చోమన్నది. ఆయన నన్ను చెల్లె అన్నాడు కదా, ఆమె నన్నూ వదినె అనే పిలిచింది.

పుస్తకం దేవుడి పటాల పక్కన, పేపరు అట్ట వేసి ఉంది. మధ్యలో పాత ట్రేలోని కార్డు ఒకటి గుర్తుగా పెట్టి ఉంది.

"నేను ఏడో తరగతి దాకనే చదివిన వదినె. ఆ కంప్యూటర్ చెవుల పేర్లు చెప్పుడు మొదలుపెట్టినంక ఈయనకు ఆశ పుట్టింది. వట్టి పేర్లు వినుడేంది, లోపల ఏముందో కూడ వినాలె అని పదిహేను దినాలకొక పుస్తకం తెచ్చిండు. వంట జేసుకుంట చదువుతుంటి. పేరు ముందుగాల గట్టిగ చదవకుంటె ఊకోకపోయేది. ఇంట్ల కూడ గదే రూలు." నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. "ఇది ఇంక నలభై పేజీలున్నది. ఆయన కాశీకి చేరనే లేదు. ఒక్కదాన్నే చదువబుద్ధి కాలే. వాపస్ ఇద్దామంటె చెయ్యి రాలే. తప్పాయెనా వదినె? తీస్కపోతవా?"

పుస్తకం కోసమని తెచ్చుకున్న సంచి తెరవలేదు. ఫోను తీసి లైబ్రేరియన్ అమ్మాయికి చేశాను. ఒకటో నంబరు తీసెయ్యొద్దు, ఆ కార్డు వదిన పేరు మీదికి మార్చు, ఈ పుస్తకం ఆమెకు మళ్ళీ ఇచ్చినట్టు రాయి, లిస్టు వరుస అట్లాగే ఉంచు అన్నాను. "మార్చేసిన మేడం. చదువుడు అయినంక ఫోన్ చెయ్యమనండి, పొయ్యేటప్పుడు నేనే దిగి తీసుకుంట. ఇంకోటి ఇచ్చి పోత" అన్నదా పిల్ల.

"ఇక ఇది నీదే వదినా. పదిహేను రోజులు. అవ్వకపోతే మళ్ళీ పదిహేను" అన్నాను.

వదిన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కాసేపు నిమిరింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు లేచి నిలబడింది. అట్ట వేసిన పేపరు తొలగించి, పుస్తకం రెండు చేతులా పట్టుకుని, పేరూ రాసినాయన పేరూ చదివింది. గొంతు మొదట్లో మెల్లగా ఉన్నా, రచయిత పేరు దగ్గరికి వచ్చేసరికి పక్కింటివాళ్ళకు కూడా వినబడేలా ఉంది. చదివి నా వైపు చూసింది. ఏం కావాలో నాకు తెలుసు. నా రేడియో తెలుగును పక్కన పెట్టాను.

"మంచిగ వినబడ్డది వదినె" అన్నాను. "తీస్కపో."